పదిన్నరకి టిఫిను: పొయ్యి దగ్గర ఎవరూ నిలబడకుండా

15 మంది వచ్చే రోజు దోసెలు పెట్టుకోవద్దు. పెసరట్టూ అంతే, పూరీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకరు పెనం ముందు నిలబడిపోవాలి. మొదటి పంక్తి చేతులు కడుక్కునేసరికి చివరివాళ్ళకి ఇంకా విస్తరే పడదు. వండేవాళ్ళకి ఎవరొచ్చారో, ఎవరు వెళ్ళారో కూడా తెలియదు.

బెంగుళూరు జయనగర్‌లో మా ఇంట్లో ఏటా డిసెంబరు 25న చుట్టాలూ స్నేహితులూ కలుస్తారు. వంట నాది, కాఫీ మా ఆవిడది. ఏం వండాలో తేల్చేటప్పుడు నేను చూసేది ఒకటే: ఈ వంటకం గంటసేపు ఆగుతుందా, లేదంటే పది నిమిషాల్లో తయారవుతుందా? రెండూ కాకపోతే కొట్టేస్తాను. పదిన్నరకి రమ్మంటే హిందూపురం నుంచి రైల్లో వచ్చే మా పిన్నివాళ్ళు పదింటికే గుమ్మంలో ఉంటారు. ఊళ్ళోనే మారతహళ్ళిలో ఉండే బావ మాత్రం పదకొండింటికి ఫోను చేసి, ‘సిల్క్ బోర్డ్ దాటుతున్నా’ అంటాడు. చర్చికి వెళ్ళే స్నేహితుడి కుటుంబం ఆరాధన ముగిశాకే వస్తుంది. వీళ్ళందరికీ ఒకే టైము కుదరదు, కుదర్చాలని ప్రయత్నించడం కూడా దండగ.

ఆగే వంటకాల్లో నా మొదటి ఓటు పితికిపప్పు పులుసుకి. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగుళూరు మార్కెట్లన్నీ అవరెకాయలే, అంటే మన అనపకాయలు. చలి ముదిరాక వచ్చే కాయ కొనాలి. పట్టుకుంటే వేళ్ళకి జిడ్డు అంటి, వాసన చేతిని వదలకూడదు. కాయలు కొంటే తూకంలో సగం కూడా గింజలు రావు, కాబట్టి ఒలిచిన గింజలే తెచ్చుకోండి. ముందురోజు రాత్రి నీళ్ళలో వేస్తే పొద్దున్నే తొక్క వేళ్ళమధ్య జారి పప్పు బయటికి దూకుతుంది. ఇంట్లో పిల్లలుంటే ఆ పని వాళ్ళకి అప్పజెప్పండి, గోడకి తగిలేలా ఎగరేసినా సరే. ఎవరూ లేకపోతే గాంధీ బజార్‌లో పితికినదే అమ్ముతారు, ధర ఎక్కువే కానీ ఒక గంట మిగులుతుంది. పొద్దున ఇడ్లీల్లోకి మాత్రమే అయితే 15 మందికి ముప్పావు కిలో పప్పు సరిపోతుంది.

ఉల్లిపాయ, వెల్లుల్లి, అల్లం, ధనియాలు, ఎండుమిర్చి, చెక్క, లవంగం కాస్త నూనెలో వేయించి కొబ్బరితో రుబ్బండి. గసగసాలు ఒక చెంచా పడితే చిక్కదనం బాగుంటుంది. పప్పుని మాత్రం కుక్కర్లో పెట్టొద్దు, మెత్తబడి ఆకారమే పోతుంది. గిన్నెలో మూత పెట్టి ఉడికిస్తే చాలు, లేత గింజ కదా, వేళ్ళతో నొక్కితే నలిగేదాకా. తర్వాత మసాలా, కొంచెం చింతపండు పులుసు. దింపేటప్పుడు కాస్త పలచగానే ఉండాలి, ఆగేకొద్దీ అదే చిక్కబడుతుంది. ఎనిమిదింటికల్లా ఇది అయిపోవాలి.

ఇడ్లీకి అసలు తంటా చలితో. ఈ నెలలో ఇక్కడ రాత్రిళ్ళు 15 డిగ్రీల దాకా దిగుతుంది, పిండి అంత తొందరగా పొంగదు. 24వ తేదీ మధ్యాహ్నమే రుబ్బి, ఓవెన్‌లో పెట్టి లోపలి లైటు మాత్రం వేసి ఉంచండి. ఓవెన్ వేడి అక్కర్లేదు, ఆ బల్బు వెచ్చదనమే చాలు. ఓవెన్ లేకపోతే దుప్పటి చుట్టండి. అదీ వద్దనుకుంటే పిండి కొనుక్కోండి, అందులో నామోషీ ఏమీ లేదు. మనిషికి 3 ఇడ్లీల చొప్పున తొమ్మిదిన్నరకల్లా దింపేసి, అడుగున బట్ట పరిచిన హాట్‌బాక్స్‌లో సర్దాలి. పైన కూడా బట్ట కప్పకపోతే మూతనుంచి నీళ్ళు కారి పై వరుస నానిపోతుంది.

ఇక పది నిమిషాల్లో అయ్యేది ఉగ్గాని, అంటే బొరుగుల (మరమరాల) ఉప్మా లాంటిది. అనంతపురం వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా కింది పోర్షన్‌లో దావణగెరె వాళ్ళు కూడా దీనికోసమే ముందు వస్తారని నా అనుమానం. బొరుగులు లావువి కావాలి. భేల్‌పూరీకి వాడే సన్నటివి తెస్తే నీళ్ళు తగలగానే ముద్ద. 15 మందికి ముప్పావు కిలో చాలు. తాలింపు ముందే చేసి పక్కన పెట్టుకోవచ్చు: శనగపప్పు, ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపు. మనుషులు కూర్చున్నాక బొరుగుల్ని నీళ్ళలో ముంచి, నిమిషం తర్వాత గట్టిగా పిండి, వేడిచేసిన తాలింపులో వేసి కలపండి. పైన పుట్నాలు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి, ఎండుమిర్చి కొట్టిన పొడి, నిమ్మరసం. బొరుగుల్లోనే ఉప్పుంటుంది, రుచి చూడకుండా ఉప్పు వెయ్యొద్దు.

ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే మావాళ్ళు ముఖం చిన్నబుచ్చుకుంటారు. దానికి మళ్ళీ మూకుడు ముందు నిలబడాలి కదా అంటారా? తొమ్మిదిన్నరకి సగం వేగేదాకా వేయించి తీసెయ్యండి, తినేముందు ఒక్క వాయిలో రెండోసారి వేయిస్తే కరకరలాడతాయి. కారం తక్కువున్న పొడుగు మిరపకాయలే తెచ్చి, చీల్చి, గింజలు తీసి, లోపల వామూ ఉప్పూ చింతపండు గుజ్జూ రాయాలి.

కాఫీకి డికాక్షన్ ముందురోజు రాత్రే దింపి ఫ్రిజ్‌లో పెడుతుంది మా ఆవిడ, పెద్ద ఫిల్టర్లు రెండు. రెండు విడతల కాఫీకి 3 లీటర్ల పాలు. డికాక్షన్‌ని పొయ్యిమీద మరిగించకూడదు, పాలే బాగా కాగాలి.

తీపి చెయ్యను. ఒబ్బట్లు కొంటాను, బెంగుళూరులో వాటికి కొదవేం లేదు. ‘ఏం తేవాలి’ అని అడిగినవాళ్ళకి మొహమాటపడకుండా పని చెప్పండి: ఒకరు అరటిపళ్ళు, ఒకరు పెరుగు. చర్చినుంచి వచ్చేవాళ్ళు చెప్పకుండానే కేకు తెస్తారు. మోదుగాకు విస్తర్లు తెచ్చుకుంటే అంట్లు తప్పుతాయి, తిన్నాక తడిచెత్త డబ్బాలో వేసెయ్యొచ్చు.

కబుర్లు సాగి రెండయితే కొందరికి మళ్ళీ ఆకలేస్తుంది. ఒక కుక్కరు అన్నం పెట్టండి. పులుసు నేను మొదట్నుంచీ రెండు పూటల లెక్కనే చేస్తాను. ఇడ్లీ మిగిలితే సాయంత్రానికి చిదిమి తాలింపు వెయ్యొచ్చు. ఉగ్గాని మాత్రం మిగల్చకండి, గంటకల్లా ముద్దవుతుంది.