మెంటర్ సీనియర్ చేతిలో పెన్ను ఉండకూడదు

బీటెక్ మొదటి ఏడాదిలో సీనియర్లను మెంటర్లుగా పెడుతున్నారా? ఫైనలియర్ వాళ్ళకన్నా సెకండియర్ వాళ్ళే నయం. మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలో, ఎక్కడ తడబడ్డారో వాళ్ళకింకా గుర్తుంటుంది. ఒక్కో మెంటర్‌కి ఆరుగురు జూనియర్లు, మహా అయితే ఎనిమిది మంది. అంతకు మించితే అది ఇంకో ట్యూషనే.

ఎక్కువగా చెడేది ఒక్కచోటే. జూనియర్ లెక్క చూపించగానే సీనియర్ పెన్ను లాక్కుని చకచకా చేసేస్తాడు. జూనియర్ తలూపుతాడు, పరీక్షలో మళ్ళీ అక్కడే ఆగిపోతాడు. అందుకే పెన్ను ఎప్పుడూ జూనియర్ చేతిలోనే. "అర్థమైందా?" అని అడిగితే అందరూ "ఆ అన్నా" అనేస్తారు. బదులుగా "ఏ లైన్ దగ్గర ఆగావు? దాని పైలైన్ ఎలా వచ్చిందో చెప్పు" అనాలి. తప్పు సాధారణంగా ఆ పైలైన్‌లోనే దొరుకుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళను ముందు తెలుగులో చెప్పనిచ్చి, తర్వాత ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు రాయించండి.

వారానికోసారి కూర్చునే యాభై నిమిషాల్లో మొదటి పది జూనియర్ల సందేహాల జాబితాకి, చివరి ఐదు వచ్చేవారం ఏం చేసుకురావాలో రాసుకోడానికి. సెమిస్టర్ రెండో వారంలోనే మొదలెట్టాలి. మిడ్ ముందు మొదలెడితే ఇంపార్టెంట్ క్వశ్చన్లే అడుగుతారు.

హాస్టల్ గదిలో మాత్రం వద్దు. పగలు, తలుపులు తెరిచిన క్లాస్‌రూమ్‌లోనే. ర్యాగింగ్ భయం ఉన్న పిల్లలు అక్కడైతేనే నోరు విప్పుతారు.