వారాంతంలో ఆల్ప్స్ వైపు: జర్మనీలో చదువుకునే మన విద్యార్థులు పాటించవలసిన జాగ్రత్తలు

జర్మనీ విశ్వవిద్యాలయాలలో వేసవి సెమిస్టరు తరగతులు ఏప్రిల్‌లో మొదలై జూలై వరకు సాగుతాయి. ఆల్ప్స్ పర్వతాలనూ అక్కడి సరస్సులనూ చూడటానికి వీలైన రోజులు కూడా అవే కావడంతో, మ్యూనిక్, ఆగ్స్‌బుర్గ్, ఇంగోల్‌స్టాట్ వంటి ఊళ్ళలో చదివే మన విద్యార్థులు శనివారం తెల్లవారగానే స్నేహితులతో కలిసి దక్షిణ దిశగా రైలెక్కేస్తారు. చేతిలో డాయిచ్‌లాండ్ టికెట్ (ప్రాంతీయ రైళ్ళలో దేశమంతటా చెల్లే నెలవారీ పాస్) ఉంటుంది కనుక దారి ఖర్చు ఉండదు. శుక్రవారం రాత్రి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక సరస్సు ఫొటో పెడితే చాలు, ప్రయాణం ఖాయమైపోతుంది. చిక్కులు ఎక్కువగా వచ్చేది ఇటువంటి ప్రయాణాలలోనే. ఎక్కడ నీళ్ళలోకి దిగాలి, ఏ కొండ ఎక్కాలి, ఎన్ని గంటలకు వెనుదిరగాలి అన్నవి పదిమంది ఉత్సాహం మధ్య అక్కడికక్కడే తేలిపోతాయి, వద్దనవలసినవాడు మొహమాటపడి ఊరుకుంటాడు. అందువల్ల ఈ మూడు సంగతులనూ గురువారం నాడే, గదిలో కూర్చుని, తేల్చుకోవాలి.

ముందుగా నీటి సంగతి. జర్మనీలో నీటి ప్రమాదాల నుంచి ప్రాణాలు కాపాడే సంస్థ డీఎల్‌ఆర్‌జీ లెక్కల ప్రకారం 2024లో ఆ దేశంలో 411 మంది నీట మునిగి చనిపోయారు. వారిలో అత్యధికులు సరస్సులలోనూ నదులలోనూ మునిగినవారే. మన పిల్లల్లో చాలామంది ఊరి బావిలోనో పంట కాలువలోనో ఈత నేర్చినవారు. ఆ ఈత మంచిదే గానీ, అది గోరువెచ్చని నీటిలో, పిలిస్తే పలికేంత దూరంలో ఒడ్డు ఉన్నచోట నేర్చిన ఈత. ఆల్ప్స్ సరస్సులలోకి కొండల మంచు కరిగిన నీరు దిగుతుంది. జూలై ఎండకు పైపొర ఒక్కటే కాస్త వెచ్చబడుతుంది, కాళ్ళ దగ్గరి నీరు అప్పటికీ జివ్వుమంటూనే ఉంటుంది. క్యోనిగ్‌జే, వాల్షెన్‌జే సరస్సుల లోతు సుమారు 190 మీటర్లు. మోకాలి లోతున నిలబడి ఫొటో దిగినవాడు మరి నాలుగడుగులు వేసేసరికి కాలికి నేల తగలని చోట్లు ఇటువంటి సరస్సులలో ఉంటాయి.

ఎండలో నడిచి వేడెక్కిన ఒంటితో చల్లని నీటిలోకి ఒక్కసారిగా దూకితే, మన ప్రమేయం లేకుండానే పెద్ద ఊపిరి లోపలికి పోతుంది. ఆ క్షణాన తల నీటిలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి చేరేది నీరే. గట్టిగా ఈదగలిగినవాడికైనా ఇందులో మినహాయింపు లేదు. ఈ తొలి దెబ్బను తట్టుకున్నా, చలిలో ఎక్కువసేపు ఉంటే చేతులు, కాళ్ళు మొద్దుబారి మాట వినవు. కాబట్టి దూకడం అన్నది పూర్తిగా మానుకుని, ముందు చేతులు, ముఖం, ఛాతీ తడుపుకుని, నడుచుకుంటూ దిగి, ఒడ్డుకు సమాంతరంగా మాత్రమే ఈదాలి. బీరు తాగినవారు ఆ రోజు ఒడ్డునే ఉండాలి; ఈ ఒక్క నియమం మీద గ్రూపులో బేరాలు పెట్టకూడదు. ఈత రానివారు పెడల్ పడవ ఎక్కేటప్పుడు అద్దెకిచ్చేవారిని లైఫ్ జాకెట్ అడిగి తీసుకోవాలి, నడి సరస్సులో పడవ మీద నుంచి సరదాకు కూడా దిగకూడదు.

మునిగిపోతున్న మనిషి సినిమాల్లోలాగా కేకలు వేయడు, చేతులూపడు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, మాట లేకుండా నిమిషంలోపే కిందికి జారిపోవచ్చు. అందుకే ఒక్కరైనా ఒడ్డున కూర్చుని, ఫోను పక్కన పెట్టి, నీటిలో ఉన్నవారిని తలలు లెక్కపెడుతూ ఉండాలి. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకడం మన సహజ స్వభావం, కానీ ప్రాణభయంలో ఉన్నవాడు కాపాడవచ్చినవాడినే పట్టుకుని ముంచుతాడు. గట్టిగా అరిచి చుట్టుపక్కల వారిని పిలవాలి, 112కు ఫోన్ చేయాలి, మూత బిగించిన ఖాళీ వాటర్ బాటిళ్ళో, గాలి నింపిన చాపో, తేలేది ఏదైనా సరే విసరాలి.

క్యోనిగ్‌జే దగ్గర జలపాతం పక్కన ఉన్న చిన్న మడుగు సామాజిక మాధ్యమాలలో చాలా పేరు తెచ్చుకుంది. 2019 ఏప్రిల్‌లో ఇద్దరు యువకులు అక్కడే మునిగి చనిపోయారు. 2021లో జాతీయ ఉద్యానవన అధికారులు అటు వెళ్ళడాన్నే నిషేధించారు. మ్యూనిక్‌లోని ఐస్‌బాఖ్ కాలువలో ఈత కూడా ప్రమాదకరమే. అక్కడ రోజూ వందల మంది దిగుతున్నారు కదా అన్న వాదన, ఆ ప్రవాహం వేగాన్ని ఏమాత్రం తగ్గించదు. ఈజార్ నదిలో అడ్డంగా కట్టిన ఆనకట్టల కింద నీరు సుడి తిరుగుతూ మనిషిని పైకి రానివ్వదు కనుక, అటువంటి చోట్ల లోతు తక్కువగా కనబడినా దిగవద్దు.

కొండ దారుల్లో పసుపు పచ్చ బోర్డుల మీద చేరవలసిన చోటి పేరు, పట్టే సమయం, దారి ఎంత కష్టమో తెలిపే రంగు ఉంటాయి. నీలం సులువైన దారి, ఎరుపు మధ్యస్థం, నలుపు బాగా అలవాటున్నవారికి. మొదటిసారి వెళ్ళేవారు నీలం దాటి ఆలోచించనక్కరలేదు. బోర్డు మీద రాసిన గంటలలో విశ్రాంతి, ఫొటోలు, పులిహోర డబ్బాలు విప్పుకునే సమయం కలిసి ఉండవు. కాబట్టి మూడు గంటలని ఉంటే అయిదు వేసుకోవాలి. జూన్‌లో కూడా ఎత్తైన చోట్ల ఉత్తరపు వాలుల్లో మంచు మిగిలి ఉంటుంది. దాని మీద మామూలు స్పోర్ట్స్ బూట్లు జారిపోతాయి, జీన్స్ తడిస్తే ఆరదు. వేసవిలో పిడుగులతో కూడిన వానలు తరచుగా మధ్యాహ్నం తర్వాతే వస్తాయి. కనుక పొద్దున్నే ఎక్కి, మధ్యాహ్నానికల్లా దిగుముఖం పట్టడం మంచిది. శిఖరం ఇంకా అరగంటే అని కనబడుతున్నా, అనుకున్న సమయం దాటితే వెనక్కి తిరగాలి. గుంపులో ఒక్కరు దిగిపోదామన్నా ఆ మాటే చెల్లాలని బయలుదేరేముందే ఒప్పుకుని ఉంటే, అలసిపోయిన స్నేహితుడు సిగ్గుపడి దాచుకోవలసిన అవసరం రాదు. అతనిని దారిలో కూర్చోబెట్టి మిగిలినవారు పైకి వెళ్ళడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

సహాయానికి యూరప్ అంతటా 112 పనిచేస్తుంది. ఆస్ట్రియాలో పర్వత రక్షణ దళానికి 140 అనే నంబరు కూడా ఉంది. సిగ్నల్ లేనిచోట టార్చితో గానీ ఈలతో గానీ నిమిషానికి ఆరుసార్లు సంకేతమిచ్చి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఇవ్వాలి. నిమిషానికి మూడుసార్లు బదులు వస్తే మనల్ని గుర్తించారని అర్థం. గాయం లేకుండా, దారి తప్పి చిక్కుకున్నందుకు హెలికాప్టర్ రావలసివస్తే ఆ బిల్లు మన మీదే పడవచ్చు, అది వేల యూరోలలో ఉంటుంది. తరచుగా కొండలకు వెళ్ళేవారు జర్మన్ ఆల్పైన్ క్లబ్బులో సభ్యులుగా చేరడం లాభదాయకం. సభ్యత్వంతో పాటే రక్షణ ఖర్చులకు 25,000 యూరోల వరకు బీమా లభిస్తుంది.

కాగితాల విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటే: ఫోనులో ఫొటో ఉంది కదా అనుకోవడం. డాయిచ్‌లాండ్ టికెట్‌తో ప్రాంతీయ రైళ్ళలో ఆస్ట్రియాలోని జాల్జ్‌బుర్గ్ దాకా పోవచ్చు కనుక సరిహద్దు దాటామన్న స్పృహే ఉండదు. అయితే 2024 సెప్టెంబర్ 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది, తిరిగి వచ్చేటప్పుడు రైలులోనే పోలీసులు అడగవచ్చు. అసలు పాస్‌పోర్టు, అసలు రెసిడెన్స్ కార్డు రెండూ దగ్గర ఉండాలి. కార్డు గడువు తీరి, పొడిగింపు కోసం ఇచ్చిన తాత్కాలిక పత్రం మీద ఉంటున్నవారు, దానితో సరిహద్దు దాటవచ్చునో లేదో విదేశీయుల కార్యాలయాన్ని ముందే అడిగి, జవాబు వచ్చేదాకా జర్మనీలోనే తిరగడం క్షేమం.

స్విట్జర్లాండ్ ప్రయాణానికి మరో రెండు సంగతులు తోడవుతాయి. ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు వెనుక ఉండే యూరోపియన్ కార్డు, యూరోపియన్ యూనియన్ పౌరులు కానివారికి అక్కడ చెల్లదు, కాబట్టి ఆ రెండు రోజులకు విడిగా ప్రయాణ బీమా తీసుకోవాలి. యూనియన్ దేశాలలో 2017 నుంచి ఉన్న ఉచిత రోమింగ్ కూడా అక్కడ వర్తించదు. బోడెన్‌జే సరస్సు ఒడ్డున, జర్మనీ నేల మీదే నిలబడి ఉన్నా, ఫోను స్విస్ నెట్‌వర్కును పట్టుకుని బిల్లు మోపగలదు; అక్కడ డేటా రోమింగ్ ఆపివేయాలి.

కారు అద్దెకు తీసుకుందామన్న ఆలోచన వస్తే, నడిపేవారు జర్మనీకి వచ్చి ఎన్నాళ్ళయిందో మొదట చూసుకోవాలి. భారతీయ లైసెన్సు అక్కడ నివాసం మొదలైన నాటి నుంచి ఆరు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత నడపడం జరిమానాతో సరిపోయే తప్పు కాదు, అది నేరం, వీసా పొడిగింపు వేళ కూడా ముందుకు రావచ్చు. అద్దె సంస్థవారు కారు ఇచ్చారంటే చట్టం ఒప్పుకున్నట్టు అర్థం కాదు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట అడిగేది ఆ లైసెన్సునే.

రైలు సంగతిలో చిన్న మెలికలున్నాయి. డాయిచ్‌లాండ్ టికెట్ ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు వేగవంతమైన రైళ్ళలో చెల్లదు. టికెట్ లేదని పట్టుబడితే ప్రాంతీయ రైళ్ళలో 60 యూరోలు కట్టాలి. మ్యూనిక్ నుంచి టేగర్న్‌జే వైపు వెళ్ళే రైలు దారిలో హోల్జ్‌కిర్ఖెన్, షాఫ్ట్‌లాఖ్ స్టేషన్లలో విడిపోయి మూడు దిక్కులకు పోతుంది. తలుపు పక్కనున్న తెర మీద ఊరి పేరు చూడకుండా ఖాళీ సీటు దొరికిన పెట్టెలో కూర్చున్నవాడు, స్నేహితులు సరస్సు దగ్గర దిగేసరికి లెంగ్రీస్‌లో ఉంటాడు. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి, కొండ మీది గుడిసె హోటళ్ళలో కొన్ని కార్డు తీసుకోవు. శనివారమే రొట్టెలు, పళ్ళు కొనిపెట్టుకుని, తలా యాభై యూరోల నగదు ఉంచుకోవాలి.

బయలుదేరేముందు, వెంట రాని ఒక స్నేహితుడికి ఏ దారి, ఏ రైలు, ఎన్నింటికి తిరుగుతాం అన్నది రాసి పంపాలి, ఎన్ని గంటల వరకు కబురు రాకపోతే 112కు ఫోన్ చేయాలో కూడా అందులోనే చెప్పాలి. పాస్‌పోర్టు పోతే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేసి దాని ప్రతి తీసుకుని, బవేరియాలో ఉన్నవారు మ్యూనిక్‌లోని భారత కాన్సులేట్‌ను సంప్రదించాలి. బ్యాంకు కార్డు పోతే జర్మనీలో 116 116 నంబరుకు ఫోన్ చేసి ఆపు చేయించవచ్చు. ఈ నంబర్లు ఫోనులోనే కాక, ఒక కాగితం మీద రాసి పర్సులో కూడా పెట్టుకోవాలి.