బూట్ ఇమేజ్ కట్టడం, 4వ పాఠం: కట్టింది ఏ కెర్నల్‌కి?

పోయిన పాఠంలో నూవో డ్రైవర్‌ని (ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులకి లినక్స్‌తో వచ్చే ఓపెన్ సోర్స్ డ్రైవర్) బ్లాక్‌లిస్ట్‌లో, అంటే లోడ్ చేయకూడనివాటి జాబితాలో పెట్టి, బూట్ ఇమేజ్ మళ్లీ కట్టమన్నాను. బూట్ మొదట్లో కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ) వాడుకునే ఫైళ్ల మూట ఈ ఇమేజ్, ఒక్కో కెర్నల్‌కి ఒక్కోటి ఉంటుంది. "అన్నీ చెప్పినట్టే చేశాం, రీబూట్ చేస్తే నూవో మళ్లీ వచ్చి కూర్చుంది" అని చాలామంది రాశారు. ఈసారి గ్రబ్ (ఏ కెర్నల్‌తో బూట్ అవ్వాలో అడిగే మెనూ) చెప్పాల్సింది, అది పక్కన పెడదాం.

కొందరి బ్లాక్‌లిస్ట్ ఫైలు పేరు చివర '.కాన్ఫ్' లేదు. అది లేకపోతే డ్రైవర్లని లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ ఆ ఫైలు తెరవనే తెరవదు. మిగతావాళ్ల చిక్కు వేరు.

డెబియన్, ఉబుంటుల్లో 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యు' అని మాత్రమే కొడితే, మెషీన్‌లో ఉన్నవాటిలో అన్నిటికన్నా కొత్త కెర్నల్‌కే ఇమేజ్ కడుతుంది. మీరు నడుపుతున్నదానికి కాదు! నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చూడ్డానికి 'యూనేమ్ -ఆర్' కొడితే 6.1.0-17 అని వచ్చిందనుకోండి. కెర్నళ్లు, ఇమేజ్‌లు ఉండే '/బూట్'లో 6.1.0-18 కూడా ఉంది. ఇమేజ్ 18కి తయారైంది, మీరు గ్రబ్ మెనూలో అలవాటుగా 17నే ఎంచుకున్నారు. 17 ఇమేజ్‌లో మీ బ్లాక్‌లిస్ట్ లేదు, నూవో రాక ఏం చేస్తుంది? ఎర్రర్ కూడా ఏమీ రాదు. "జనరేటింగ్" అంటూ వచ్చే లైన్ చివర వెర్షన్ నంబరు స్పష్టంగా ఉంటుంది. దాన్ని ఒక్కరూ చదవరు! ఫెడోరాలో 'డ్రాకట్ -ఎఫ్' దీనికి రివర్స్, నడుస్తున్న కెర్నల్‌కే కడుతుంది. అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ బోల్తా పడేది అందుకే.

'-కె ఆల్' పెడితే అన్నిటికీ కడుతుంది కదా అంటారు. నాకది ఇష్టం లేదు. కాన్ఫిగ్‌లో తప్పు దొర్లితే అన్ని ఇమేజ్‌లూ ఒకేసారి పాడవుతాయి, వెనక్కి రావడానికి ఒక్క పాత కెర్నల్ కూడా మిగలదు. నేనైతే '-కె' తర్వాత వెర్షన్ రాసి ఒక్కదానికే కడతాను. అది సరిగ్గా బూట్ అయ్యాకే మిగతావి.

'/బూట్' నిండిపోయి మధ్యలో ఆగినవాళ్లకి టెన్షన్ వద్దు. కొత్త ఇమేజ్‌ని ముందు '.న్యూ' పేరుతో రాస్తుంది కాబట్టి పాతది అలాగే ఉంటుంది. పాత కెర్నళ్లని 'ఏపీటీ ఆటోరిమూవ్'తో తీయండి, చేత్తో డిలీట్ చేయకండి.

అభ్యాసం: 'ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' ఫైళ్ల పేర్లే చూపిస్తుంది, లోపలి రాత చూపించదు. అందుకని 17, 18 ఇమేజ్‌లు రెండిటినీ 'అన్‌ఎంకేఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్'తో వేర్వేరు ఫోల్డర్లలోకి విప్పండి. లోపల 'ఎర్లీ', 'మెయిన్' అని వస్తే మనకి కావాల్సింది 'మెయిన్'. మాడ్యూల్స్ ఫోల్డర్ వదిలేసి మిగతాది 'డిఫ్ -ఆర్'తో పోల్చి, తేడా వచ్చిన ప్రతి ఫైలుకీ కారణం ఒక్కో లైన్‌లో రాయండి.