అట్టముక్కలతో అక్షరాలు, చింతగింజలతో లెక్కలు: చిన్నపిల్లలకు ఇంట్లో నేర్పడం ఎలా?

చెన్నైలో పెరుగుతున్న తెలుగు పిల్లల్లో చాలామందికి బడిలో తమిళం, ఇంగ్లీషు వస్తాయి గాని తెలుగు అక్షరాలు ఇంట్లోనే నేర్పవలసి ఉంటుంది. నాలుగు నుంచి ఆరేళ్ల వయసు పిల్లలను గంటల తరబడి కూర్చోబెట్టి దిద్దించడం కంటే, వాళ్ల చేత ఏదో ఒక వస్తువు చేయిస్తూ ఆ పనిలోనే అక్షరాన్నీ అంకెనూ కలిపి చెప్పడం మేలు. ఇందులో ఒకే ఒక్క నియమం తప్పకుండా పాటించాలి: వస్తువును పిల్లలే చేయాలి. కత్తిరింపు వంకరపోయినా, జిగురు పక్కకు కారినా పెద్దలు అందుకుని సరిచేయకూడదు, ఎందుకంటే చేస్తున్నంతసేపే పిల్లలు నేర్చుకుంటారు. తయారైన వస్తువు అందంగా ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

సామగ్రికి పెద్దగా ఖర్చు అవసరం లేదు. ప్యారిస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధిలో రకరకాల కాగితాలూ అట్టలూ దొరుకుతాయి గాని, ఇంట్లో మిగిలిపోయిన పాత శుభలేఖలే ఈ పనికి చక్కగా సరిపోతాయి. ఫెవికాల్, మొన లేని కత్తెర, జల్లించిన సన్న ఇసుక, 30 గుడ్లు పట్టే అట్ట, గుప్పెడు చింతగింజలు ఉంటే చాలు. మూడేళ్ల లోపు బిడ్డ ఇంట్లో ఉంటే మాత్రం గింజలతో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఆట ముగిశాక గింజలన్నిటినీ లెక్కపెట్టి డబ్బాలో వేసే పని పెద్దపిల్లలకే అప్పగించండి.

ముందుగా గరుకు అక్షరాలు చేయించాలి. శుభలేఖను అరచేతి వెడల్పు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క మీద పెన్సిలుతో ఒక అక్షరాన్ని పెద్దగా రాసి ఇవ్వండి. పిల్లలు ఆ గీత వెంబడి ఫెవికాల్ పూసి, పైన ఇసుక చల్లి, అట్టను వంచి మిగిలిన ఇసుకను దులిపేస్తారు. రవ్వ కూడా వాడవచ్చు గాని చీమలు పడతాయి. ఈ ఊరి ఉక్కపోతకు జిగురు త్వరగా ఆరదు కనుక రాత్రంతా ఫ్యాను కింద ఉంచి, మర్నాడు రాసే క్రమంలోనే అక్షరం మీద వేలు నడిపిస్తూ ఆ ధ్వనిని పైకి పలికించాలి. గరుకు అక్షరాలను వేలితో తడిమించే ఈ పద్ధతి ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరిది. ఆమె 1939లో ఇదే ఊరికి వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

వర్ణమాల వరుసలోనే వెళ్లనక్కరలేదు. ప, ల, క, వ, త అనే ఐదు అక్షరాలతో మొదలుపెడితే పలక, తల, వల, కల అనే మాటలు వెంటనే చదవగలుగుతారు. నాలుగు మాటలు సొంతంగా చదివిన పిల్లలు ఆరో అక్షరాన్ని వాళ్లే అడుగుతారు.

తర్వాతి మెట్టు గుణింతం. ఇక్కడ కొంచెం ఎక్కువ సమయం తీసుకోవాలి. తలకట్టు లేకుండా క ఆకారాన్ని రెండు అట్టల మీద రాసి, తలకట్టు, దీర్ఘం, గుడి వేరువేరు చిన్న ముక్కలుగా కత్తిరించి పెట్టండి. రెండు అట్టల మీదా తలకట్టు పెట్టి చదివించాక, మొదటిదాని తలకట్టు తీసేసి దీర్ఘం, రెండోదాని తలకట్టు తీసేసి గుడి పెట్టించండి. రెండు ‘క’లు కలిసి ‘కాకి’ అవుతాయి. తలకట్టు పోతేనే దీర్ఘానికీ గుడికీ చోటు దొరుకుతుందన్న సంగతి నోటితో ఎంత చెప్పినా పిల్లలకు అందదు, చేత్తో తీసి పెట్టినప్పుడు ఇట్టే అందుతుంది. కొమ్ము దగ్గరికి వచ్చేసరికి వ అట్టను ప్రత్యేకంగా చూపించాలి. దాని పక్కన కొమ్ము పెడితే మ లాగా కనిపిస్తుంది, అందుకే ‘వు’లో కొమ్ము కిందికి దిగుతుంది.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం ఉండడం వల్ల, బడిలో తమిళం చదివే పిల్లలు తెలుగులో క, గలను తారుమారు చేయడం సహజం. దీనికి మందలింపు పనికిరాదు. ఒక అట్టకు ఒకవైపు పాదం బొమ్మ, ‘కాలి’ అన్న మాట, రెండోవైపు గాలిపటం బొమ్మ, ‘గాలి’ అన్న మాట వాళ్ల చేతే వేయించి, మీరు పలికిన మాటకు తగినవైపు తిప్పమనండి. ‘పాట’, ‘బాట’ కూడా ఇలాగే చేయవచ్చు.

లెక్కలకు గుడ్ల అట్టను ఐదేసి గుంటల వరుసలు రెండేసి ఉండేలా మూడు ముక్కలు చేయండి. ఒక్కో ముక్కకు పది గుంటలు వస్తాయి. పది చింతగింజలను అష్టాచెమ్మా పిక్కల్లాగా గచ్చు మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసి, గుప్పిట్లో కుదిపి వేయించండి. తెల్లగా పడినవి ముందు గుంటల్లో పేర్చి, “ఇంకా ఎన్ని ఖాళీ ఉన్నాయి?” అని అడగాలి. ఆరు తెల్లవి అయితే నల్లవి నాలుగేనని కొన్నాళ్లకు గింజలు చూడకుండానే చెబుతారు. పది దాటాక ఇరవై మూడుతో మొదలుపెట్టడం మంచిది. నిండిన రెండు అట్టలు ఇరవై, పక్కన మూడు గింజలు, ఆ అంకె పేరులోనే లెక్క వినిపిస్తుంది. పదకొండు, పన్నెండు, పందొమ్మిది అలా విడిపోవు కాబట్టి వాటిని తర్వాత నేర్పవచ్చు.

ఇవన్నీ పట్టుబడ్డాక ముగ్గు వేయించండి. అట్ట మీద రెండు, మూడు, రెండు చొప్పున సందు చుక్కలు పెట్టించి, చుక్కకొక గింజ అంటించి, మొత్తం ఏడని లెక్కపెట్టించాలి. అది వచ్చాక ఒకటి, మూడు, ఐదు, మూడు, ఒకటి చొప్పున ఎదురు చుక్కలు పెట్టించి, పదమూడు గింజలను గుడ్ల అట్టలోకి మార్పించండి. పది గుంటలు నిండి మూడు గింజలు బయట మిగులుతాయి. ఒక పూటకు పావుగంట చాలు, పిల్లలు విసుక్కుంటే అంతకంటే ముందే ఆపేయండి. అట్టలన్నీ మూత ఉన్న డబ్బాలో పెడితే చెమ్మకు మెత్తబడవు.