లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ పాత వెర్షన్ దగ్గరే ఆగిపోతే

బ్యాంకు సైటు మీ బ్రౌజర్ పాతబడిందంటుంది. అప్‌డేట్ కొట్టినా ఏమీ మారదు. వెంటనే ఇంకో ఫైర్‌ఫాక్స్ తెచ్చి వేయకండి. ఒకే సిస్టంలో రెండు ఉంటే ఏది తెరుచుకుంటోందో తెలియక చిక్కు ఇంకా ముదురుతుంది. ముందు ఉన్నది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోండి. అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, సపోర్ట్ అని ఇంగ్లీషులో ఖాళీ లేకుండా కొడితే వెర్షన్ నంబరుతో పాటు 'అప్లికేషన్ బైనరీ' అనే వరుస కనిపిస్తుంది. ఆ పాత్, అంటే ఫైలున్న చోటు, స్నాప్‌తో మొదలైతే స్నాప్ ప్యాకేజీ (ఉబుంటు వాళ్ల సొంత ప్యాకేజీ పద్ధతి), యూఎస్ఆర్‌తో మొదలైతే సాధారణంగా ఏపీటీది (డెబియన్, ఉబుంటు లినక్సుల్లో ప్రోగ్రాములు దించి అప్‌డేట్ చేసే సాధనం). హోమ్‌లోనో ఆప్ట్ ఫోల్డర్‌లోనో ఉంటే ఎవరో చేత్తో విప్పి పెట్టినది.

డెబియన్‌లో అప్‌గ్రేడ్ చేసినా నంబరు మారడం లేదు

ఇది లోపం కాదు. డెబియన్ స్టేబుల్ ఇచ్చేది ఈఎస్ఆర్, అంటే ఎక్కువకాలం మద్దతు ఉండే వెర్షన్. దానికి భద్రతా సవరణలు క్రమంగా వస్తాయి, కొత్త సదుపాయాలు మాత్రం సుమారు ఏడాదికోసారే. ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటరైతే దాన్ని అలాగే ఉంచమంటాను. కొత్తదే కావాలంటే, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా 2024 జనవరి నుంచి మామూలు వెర్షన్‌ను కూడా సొంత ఏపీటీ రిపాజిటరీలో (ప్యాకేజీలు దించుకునే సర్వరులో) ఇస్తోంది. కీ (ప్యాకేజీలు అసలైనవేనని తేల్చే ఫైలు), సోర్స్ లైను (రిపాజిటరీ చిరునామా) మొజిల్లా సహాయ పేజీ నుంచే కాపీ చేయండి, వేరేచోట దొరికినవి వద్దు. అప్‌డేట్‌లో 'నో పబ్‌కీ' అని వస్తే కీ ఫైలు పేరు, సోర్స్ లైనులో రాసిన పేరు ఒకటేనా చూడండి.

ఉబుంటులో రిపాజిటరీ చేర్చినా మళ్లీ స్నాపే వస్తోంది

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఉబుంటు 22.04 నుంచి ఏపీటీలో ఉన్న ఫైర్‌ఫాక్స్ పేరుకే ప్యాకేజీ, అది చేసే పనల్లా స్నాప్‌ను దించడం. దాని వెర్షన్ ముందు ఒకటి, కోలన్ ఉంటాయి. ఏపీటీ మొదట ఆ అంకెనే పోలుస్తుంది. అందుకే మొజిల్లా వెర్షన్ ఎంత పెద్దదైనా ఉబుంటుదే కొత్తదిగా లెక్కకొస్తుంది. ఏపీటీ సెట్టింగుల్లోని ప్రిఫరెన్సెస్ డాట్ డి ఫోల్డర్‌లో మొజిల్లా సర్వరుకు 1000 ప్రాధాన్యం ఇస్తూ ఒక ఫైలు పెట్టాలి. వెయ్యి ఉంటేనే ఏపీటీ 'చిన్న' వెర్షన్‌కు దిగడానికి ఒప్పుకుంటుంది.

స్నాప్‌తోనే ఉండాలనుకుంటే అదీ మంచిదే. 'అప్‌డేట్ ఉంది, యాప్ మూయండి' అన్న నోటీసు పదేపదే వస్తుంటే కిటికీలన్నీ మూసి, టెర్మినల్లో సుడో స్నాప్ రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్ కొట్టండి. ఫైర్‌ఫాక్స్ తెరిచి ఉంటే ఈ ఆదేశం దాన్ని మార్చదు.

మార్చాక బుక్‌మార్కులు, పాస్‌వర్డులు మాయం

పోలేదు. స్నాప్ తన ప్రొఫైల్‌ను (బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఉండే ఫోల్డర్‌ను) హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్ లోపల దాచుకుంటుంది, కొత్త ఫైర్‌ఫాక్స్ అక్కడ వెతకదు. కాబట్టి స్నాప్‌ను తీసేయకముందే ఈ పని చేయండి. రెండింటిలోనూ అబౌట్, కోలన్, ప్రొఫైల్స్ తెరిచి 'రూట్ డైరెక్టరీ' ఎక్కడుందో రాసుకోండి. రెండూ మూసి, పాత దానిలోని ఫైళ్లన్నీ కొత్త దానిలోకి కాపీ చేయండి. తొందరపడి తీసేసి ఉంటే, పర్జ్ (డేటాతో సహా తుడిచేయమని) అని చెప్పనంతవరకూ స్నాప్ ఒక నకలు దాస్తుంది. అది మామూలుగా 31 రోజులుంటుంది. స్నాప్ సేవ్‌డ్ కొట్టి చూసి, స్నాప్ రిస్టోర్‌తో తెచ్చుకోండి.

'పాత వెర్షన్ తెరిచారు' అని ఆగిపోతే, కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ను ఈఎస్ఆర్ లాంటి పాత వెర్షన్‌తో తెరుస్తున్నారని అర్థం. కొత్త వెర్షన్‌కే తిరిగి వెళ్లండి.

చేత్తో విప్పి పెట్టినది అప్‌డేట్ కావడం లేదు

సాధారణంగా ఆ ఫోల్డర్ రూట్ (సిస్టం నిర్వాహక ఖాతా) పేరున ఉంటుంది, మీ ఖాతాకు రాసే అనుమతి ఉండదు. మీ హోమ్‌లో విప్పుకుంటే తనంతట తానే అప్‌డేట్ అవుతుంది. పాత పాఠాల్లో విప్పడానికి ఇచ్చిన టార్ ఆదేశం బీజిప్ అనే కుదింపు కోసం రాసినది. 135వ వెర్షన్ నుంచి ఆర్కైవ్ ఎక్స్‌జెడ్ అనే వేరే కుదింపులో వస్తోంది.

32 బిట్ సిస్టం అయితే 144వ వెర్షనే ఆఖరు, ప్రాసెసర్ 64 బిట్‌దైతే 64 బిట్ లినక్స్‌కు మార్చుకోండి.