డిగ్రీ మ్యాథ్స్ నుంచి పీహెచ్‌డీ దాకా ఎలా వెళ్లాలి?

మ్యాథ్స్‌లో రీసెర్చ్ అనగానే చాలామంది ముందు ఎంట్రన్స్‌ల గురించి అడుగుతారు. అంతకంటే ముందు రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా రావాలి.

1. షరతులు తీసేసి చూడండి

క్లోజ్డ్, బౌండెడ్ ఇంటర్వెల్ మీద కంటిన్యువస్ అయిన ఫంక్షన్ యూనిఫామ్లీ కంటిన్యువస్ (అంటే ఒకే డెల్టా ఇంటర్వెల్ అంతటా సరిపోతుంది) అవుతుందని డిగ్రీలో అందరూ చదువుతారు. ప్రూఫ్ బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఈసారి పుస్తకం మూసి, 'క్లోజ్డ్' అన్న షరతు తీసేయండి. సున్నాకీ ఒకటికీ మధ్య ఓపెన్ ఇంటర్వెల్ మీద 1/ఎక్స్ తీసుకోండి. సున్నాకు దగ్గరయ్యేకొద్దీ ఎక్స్ కాస్త కదిలినా ఫంక్షన్ విలువ ఎక్కడికో పోతుంది. అన్నిచోట్లా సరిపోయే డెల్టా ఒక్కటీ దొరకదు. ఇప్పుడు ప్రూఫ్‌లో ఆ షరతు ఏ లైన్లో పనిచేసిందో వెతకండి. రోజుకు ఒక్క సిద్ధాంతం ఇలా చదివినా చాలు. గైడ్ లేకుండానే మొదలుపెట్టగలిగే రీసెర్చ్ ఇదే.

ఇలా చదవడం నేర్పే చోటు కావాలంటే ఎండాకాలం సెలవుల్లో మ్యాథ్స్ విద్యార్థులకు జరిగే ఎంటీటీఎస్ శిక్షణ క్యాంపుకు అప్లై చేయండి. 1993లో మొదలైంది. అక్కడ నోట్స్ చెప్పరు, ప్రశ్నలడిగి జవాబు మీచేతే రాబడతారు.

2. ఎమ్మెస్సీ సీటు

ఐఐటీలకు జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, రాష్ట్ర యూనివర్సిటీలకు తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్ రాయాలి.

3. నెట్, జేఆర్ఎఫ్

పీహెచ్‌డీ ప్రవేశానికి, జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్‌కు రాసే సీఎస్ఐఆర్ నెట్ మ్యాథ్స్ పేపర్ 200 మార్కులకు. అందులో పార్ట్-సిదే 95. ఈ పార్ట్‌లో ఒక ప్రశ్నకు ఒకటికి మించి సరైన ఆప్షన్లు ఉండొచ్చు, అవన్నీ గుర్తిస్తేనే ప్రశ్నకు 4.75 మార్కులు, ఒక్కటి వదిలేసినా సున్నా. ఈ పార్ట్‌లో నెగెటివ్ మార్కులు మాత్రం లేవు. ఒక్కో తప్పు ఆప్షన్‌నూ పడగొట్టే ఉదాహరణ వెంటనే తట్టాలి. మొదటి మెట్టులో చేసిన సాధన ఇక్కడ మార్కులై వస్తుంది. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తారు, ఇంట్లో డబ్బుల టెన్షన్ తగ్గుతుంది. పీహెచ్‌డీ ప్రవేశానికి జరిగే టీఐఎఫ్ఆర్, స్కాలర్‌షిప్‌కు జరిగే ఎన్‌బీహెచ్ఎం పరీక్షలు కూడా వదలకండి.

4. గైడ్

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇదే. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల వరకూ గడువు. అన్నేళ్లు కలిసి పనిచేయాల్సిన మనిషిని పేరు చూసి ఎంచుకోకండి. వాళ్ల పేపర్లు ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికితే రెండు మూడింటి ఇంట్రడక్షన్లు చదవండి. ప్రశ్న మీకు ఆసక్తిగా అనిపించాలి, మొత్తం అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఆ గైడ్ దగ్గరున్న స్కాలర్లను కలిసి, సార్‌గానీ మేడమ్‌గానీ వారానికి ఎంతసేపు కూర్చుంటారో, సీనియర్లు ఎన్నేళ్లలో థీసిస్ ఇచ్చారో మొహమాటపడకుండా అడగండి. ఆ తర్వాతే మెయిల్ రాయండి. అందులో మీ మార్కులకన్నా ముందు, వాళ్ల పేపర్లో మీరు ఆగిపోయిన లైన్ గురించి రాయండి.