కొత్తగా ఇంజన్ ఎక్కుతున్న ఏఎల్పీలు (అసిస్టెంట్ లోకో పైలట్లు) ఇవి గట్టిగా పట్టుకోండి

ట్రైనింగ్ స్కూల్ నుంచి ఇప్పుడే లాబీకి, అంటే డ్యూటీ ఎక్కే క్రూ ఆఫీసుకి, వచ్చినవాళ్ళ కోసం, కొత్తగా గూడ్స్ చేతికొచ్చిన ఎల్పీల (లోకో పైలట్ల) కోసం కూడా రాస్తున్నాను.

ముందు ఎల్ఆర్, అంటే బండి నడిపే ముందు ఆ రూట్ నేర్చుకోవడం (లెర్నింగ్ రోడ్), సంగతి. ఏ సిగ్నల్ మలుపు దాటేదాకా కనపడదో, దిగుడు ఎక్కడ మొదలవుతుందో, న్యూట్రల్ సెక్షన్ (పై తీగలో కరెంటు ఉండని చోటు) ఎక్కడొస్తుందో తెలియకుండా బండి తీయకండి, రాత్రి ట్రిప్పు చేయకుండా ఎల్ఆర్ అయిపోయిందని సంతకం పెట్టకండి. మూడు నెలలు దాటి ఆ సెక్షన్‌కి వెళ్తుంటే మళ్ళీ ఎల్ఆర్ అడగాలి. "క్రూ లేరు, ఈ ఒక్కసారికి వెళ్ళిరండి" అంటారు. రూట్ తెలిసిన మనిషిని తోడివ్వమనండి, జనరల్ రూల్స్ మీకిచ్చిన హక్కే అది. 1918 నవంబర్ 1న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో డ్రైవర్లు సమ్మెలో ఉన్నారని, రైళ్లకు సిబ్బందిని కేటాయించే ఉద్యోగికే కొద్ది గంటల శిక్షణతో, ఎప్పుడూ నడపని లైన్లో రైలు అప్పగించారు. మాల్బోన్ స్ట్రీట్ దగ్గర మలుపులో స్పీడు తగ్గలేదు, 90 మందికి పైగా చనిపోయారు.

రెండోది ఆటో సిగ్నల్ (బండ్ల కదలికను బట్టి దానంతటదే మారే సిగ్నల్) ఎర్రగా ఉంటే. పూర్తిగా ఆగాలి. పగలైతే ఒక నిమిషం, రాత్రైతే రెండు నిమిషాలు వాచీ చూసుకుని ఆగి, పగలు 15, రాత్రి 10 కిలోమీటర్లు మించకుండా కదలాలి, అదీ ఎదురుగా ఏదుందో తెలియదనే భయంతోనే. తర్వాతి సిగ్నల్ దూరం నుంచి పచ్చగా కనిపించినా దాన్ని చేరేదాకా స్పీడు పెంచొద్దు. ముందు బండి కనిపిస్తే దాని వెనక 150 మీటర్లో, రెండు ఓహెచ్ఈ స్పాన్లో (పైన కరెంటు తీగ మోసే రెండు స్తంభాల మధ్య దూరం ఒక స్పాన్) ఖాళీ ఉంచండి. మన విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబర్ 29 రాత్రి ఆగి ఉన్న పలాస ప్యాసింజర్‌ను రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి గుద్దింది, 14 మంది పోయారు. చెడిపోయిన రెండు ఆటో సిగ్నళ్లను ఈ నియమం పాటించకుండా దాటారని ప్రాథమిక విచారణ తేల్చింది.

సిగ్నళ్లు ఫెయిలై స్టేషన్ మాస్టర్ కాగితం ఇస్తే జేబులో పెట్టేసుకోకండి. 2024 జూన్ 17న రంగాపాణి దగ్గర కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గుద్దిన గూడ్స్‌కి టీ/ఏ 912 (ఆటో సిగ్నళ్లు చెడిపోతే వాటిని దాటడానికి ఇచ్చే అనుమతి కాగితం) ఇచ్చారు, అందులో స్పీడు రాసి లేదు. ఆ రోజు అదే కాగితంతో వెళ్ళినవాళ్ళు దాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకున్నారు. ఇలాంటి సమయంలో ఏం చేయాలో ఎల్పీలకు సరైన కౌన్సెలింగ్ లేదని రైల్వే భద్రతా కమిషనర్ రిపోర్టే చెప్పింది. సర్వీసు ఎంతున్నా ఆ పరిస్థితి మొదటిసారి ఎదురైతే ఎవరైనా కొత్తవాళ్ళే, కాబట్టి కాగితంలో ఏ లైను అర్థం కాకపోయినా బండి కదలకముందే అడగండి.

ఇక సిగ్నల్ పిలవడం. మీరు చూసింది గట్టిగా చెప్పాలి, ఎల్పీ తిరిగి చెప్పాలి. సీనియర్ కదా అని మొహమాటపడతారు, నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దీనికే. ఎర్ర సిగ్నల్ దగ్గరపడుతోంది, పిలిచినా జవాబు లేదు, బ్రేక్ పడటం లేదంటే మీ వైపున్న ఎమర్జెన్సీ బ్రేక్, అదే ఆర్ఎస్ వాల్వ్, తెరిచేయండి. ఎల్పీ కోప్పడితే తర్వాత సీఎల్ఐ (చీఫ్ లోకో ఇన్‌స్పెక్టర్) దగ్గర మాట్లాడుకోవచ్చు.